పన్నెండు భూమివి, పద్దెనిమిది నావి

నమోదు 301

ఈ నెల సరుకు అందింది. భూమి నుంచి వచ్చే దృశ్యాలను చంద్రుడి మీది మా చలువపేటలో సరుకు అనే అంటారు. బియ్యం బస్తాలు తెచ్చే ఓడలోనే అవీ వస్తాయి కనుక ఆ పేరు తగినదే. వచ్చినవి: ఒక పెళ్ళి, ఒక వాన, రెండు వంటలు, పడవల పందెం, బజారులో నడిచే జనం, మెట్ల మీద తట్టుకుని పడే మనుషులు, ఒక పిల్లి. వారం తిరిగేలోగా వీటన్నిటినీ సౌమ్యవేగంలోకి మార్చి హాలుకు పంపాలి.

సౌమ్యవేగం అనే మాట నాది కాదు, సంఘం వారిది. చంద్రుడి మీద చేజారిన గ్లాసు నేలను చేరడానికి భూమి మీద కంటే ఇంచుమించు రెండున్నర రెట్ల సమయం తీసుకుంటుంది. ఇక్కడ పుట్టినవారి కళ్ళు ఆ నిదానానికే అలవాటు పడ్డాయి. ఒకప్పుడు భూమి దృశ్యాలను ఉన్నవి ఉన్నట్టే వేసేవారు. చెట్టు నుంచి మామిడికాయ రాలడం చూసి ఇద్దరు పిల్లలు జడుసుకున్నారట. వెంటనే ఒక సంఘం ఏర్పడింది. సంఘమంటూ ఏర్పడ్డాక నియమం పుట్టక మానదు: భూమి నుంచి వచ్చే ప్రతి కదలికనూ రెండున్నర రెట్లు సాగదీయాలి. సాగదీస్తే మనుషుల మాటలు ఎద్దు మూలుగులా వినిపిస్తాయి కాబట్టి మాటలు తీసివేసి, ఆ చోట వీణ వేయాలి.

భూమి కెమెరా సెకనుకు ముప్పై ఫ్రేములు తీస్తుంది. సాగదీసిన తరువాత సెకనుకు పన్నెండే మిగులుతాయి. తక్కిన పద్దెనిమిది ఖాళీలను వదిలేస్తే బొమ్మ నత్తిగా నడుస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తే ముందు ఫ్రేమునూ వెనక ఫ్రేమునూ చూసి, మధ్యలో ఏం జరిగి ఉంటుందో ఊహించి గీస్తుంది. దాని ఊహకు ఈ సరుకులోనే ఉదాహరణలున్నాయి. మూడు రెక్కల ఫ్యానుకు ఐదు రెక్కలు వచ్చాయి. పెళ్ళికూతురి గాజులు మణికట్టులోకి కరిగిపోయాయి. వాన చినుకు నేలను తాకి బెల్లంపాకంలా సాగింది. పిల్లి తోక కొంత దూరం పిల్లితో సంబంధం లేకుండా ప్రయాణించింది. వీటిని నేను ఒక్కొక్క ఫ్రేముగా చేత్తో దిద్దుతాను. ఈ విద్య నాకు ఎవరూ నేర్పలేదు. నేర్పగలవారు ఉన్నారనీ అనుకోను.

ఒక్క మీట నొక్కితే అయిపోయే పనికి ఈయనకు గది ఎందుకని సంఘంలో అడిగేవారున్నారు. వారిలో ఒకరికి ఆ ఐదు రెక్కల ఫ్యానును చూపించాను. ఎంత హాయిగా తిరుగుతోందో అన్నారు.

నమోదు 303

హాలులో ప్రదర్శన. వాన పడుతుంటే జనం ముత్యాలు చూసినట్టు చూశారు. భూమి మనుషులకు తొందరంటే తెలియదనీ, వారంతా మహా నెమ్మదిపరులనీ ఇక్కడ పుట్టినవారి నమ్మకం. బస్సు వెంట పరిగెత్తేవాడు కూడా వీణతో కలిపి చూస్తే ధ్యానంలో ఉన్నట్టే ఉంటాడు.

ఇక్కడ పుట్టినవారి తప్పు అంతగా లేదు. భూమి మీద పుట్టి, పెరిగి, పెళ్ళి చేసుకుని వచ్చినవారి మాట వేరు. నా పక్కన కూర్చున్న తవిటినాయుడు అటువంటివాడు. గుంతలు తవ్వే యంత్రాల మేస్త్రీగా వచ్చి, ఇప్పుడు దిగుడు బడి నడుపుతున్నాడు. భూమికి వెళ్ళబోయే వారికి అక్కడ ఎలా నడవాలో, ఎలా పడాలో నేర్పే బడి అది.

"మావూళ్ళో వాన అచ్చం అలగే పడీది గవరయ్యా," అన్నాడు. "ఒక్కొక్క సినుకూ లెక్కెట్టుకోవొచ్చు."

"నువ్వు లెక్కపెట్టావా?"

"నానెందుకు లెక్కెడతాను. మా నాన్న లెక్కెట్టీవోడు."

"ఎన్ని వచ్చాయి?"

"ఆడికి లెక్కలు రావు," అని చోడంబలి గ్లాసు ఎత్తాడు.

నమోదు 308

దిగుడు బడి తెర పాడైందంటే బాగుచేయడానికి వెళ్ళాను. అక్కడ చూసినదాన్ని వరసగా రాస్తున్నాను.

తవిటినాయుడి మేనకోడలు నూకరత్నం వచ్చే ఓడలో భూమికి వెళుతోంది. ఎముకలు విరిగినవారిని తిరిగి నడిపించే విద్య నేర్చుకోవడానికి కింద ఒక ఆసుపత్రి ఆమెకు చోటిచ్చింది. ఇక్కడ పుట్టినవారిలో భూమి మీద అడుగుపెట్టే మొదటి మనిషి ఆమే. ఆ బడి గోడ మీద మా డాక్టరు రాయించిన హెచ్చరిక ఉంది: చంద్రుడి మీద పెరిగిన ఎముకకు భూమి దెబ్బ తగిలితే, చేతులు ముందు ఆనినవారికి మణికట్టుతో పోతుంది. తుంటి ముందు ఆనితే మళ్ళీ లేవరు. తల ముందు ఆనితే చెప్పవలసినది లేదు.

అందుకని పడటం నేర్పుతున్నారు. నూకరత్నానికి సీసం కుట్టిన కోటు తొడిగారు. తెర మీద ఒక భూమి మనిషి మెట్టు తట్టుకుని పడుతున్నాడు. సరుకులో వచ్చినదే, నేను సాగదీసినదే. అతడితోపాటు ఆమె కూడా ముందుకు పడింది. అతడి చేతులు లేచినప్పుడే ఆమె చేతులూ లేచాయి. ఇద్దరూ ఒకేసారి నేలకు ఆనారు.

"సూసినావా, కవలపిల్లల్లాగ పడ్డారు," అని తవిటినాయుడు చప్పట్లు కొట్టాడు.

సీసం బరువునిస్తుంది, వేగాన్నివ్వదు. కోటు తొడిగినా తొడగకపోయినా ఆమె ఇక్కడి నిదానంతోనే పడుతుంది. తెర మీది మనిషిని నేను ఆ నిదానానికి తెచ్చాను కాబట్టి ఇద్దరూ కలిశారు. భూమి మీద అతడు ఆ దూరం పడటానికి ఒక చిటికె పట్టి ఉంటుంది.

అంతకంటే ఘోరం ఇంకొకటి ఉంది. చేజారినదాన్ని గాలిలో లాక్కోవడం మా పేటలో మొరటుతనం. మోకాలి దాకా దిగనిచ్చి అప్పుడు చేయి చాచడం మర్యాద. అన్నం తినడం కంటే ముందు పిల్లలకు ఇది నేర్పుతారు. తవిటినాయుడు ఈ మర్యాదను పడటానికి కూడా వర్తింపజేశాడు. సగం దూరం పడేదాకా చేతులు కదపకుండా ఉన్నవారికి ఎక్కువ మార్కులు వేస్తున్నాడు. నూకరత్నానికి పూర్తి మార్కులు వచ్చాయి.

నమోదు 309

సంఘం అధ్యక్షురాలు పద్మలోచన గారిని కలిశాను. దిగుడు బడిలో మాత్రం అసలు వేగంతో చూపడానికి అనుమతి అడిగాను.

"మీ లెక్కను నేను కాదనడం లేదండీ గవరయ్య గారూ," అన్నారు. "ప్రయాణం ముందు ఆడపిల్లకు అటువంటివి చూపించి బెదరగొట్టడం సబబేనా?"

"ఆ పిల్ల తల పగలడం సబబేనా అండీ?"

"పడదండీ. శిక్షణ ఇస్తున్నారుగా. ఒకవేళ తూలినా అక్కడివాళ్ళు పట్టుకోరూ? ఎంత నిదానస్తులో మనం చూస్తూనే ఉన్నాం."

ఈవిడ ఇరవై ఆరేళ్ళు భూమి మీద బతికారు. బస్సులెక్కారు, వానలో తడిశారు, చేతిలోని పళ్ళెం ఎన్నిసార్లు జారవిడిచారో. అదంతా నా పద్దెనిమిది ఫ్రేముల కింద కప్పబడిపోయింది. సెలవు తీసుకునేటప్పుడు పిల్లి దృశ్యం చాలా బాగుందని మెచ్చుకున్నారు.

నమోదు 310

అనుమతి లేకుండానే నూకరత్నాన్ని నా గదికి పిలిచాను. అదే మనిషి, అదే మెట్టు, సాగదీయని దృశ్యం. వేశాను. నాలుగు మాటలు చెప్పి అర్థం చేయించవచ్చుననుకున్నాను.

నూకరత్నం నవ్వింది. "స్పీడు పెంచేసినావు కదా బాబాయ్."

"ఇది అసలుది."

"అసలుదైతే మనుసులు సీమల్లాగ ఎగబడతారేటి. అక్కడోళ్ళు అలగుండరు. పుట్టిన కాడినుంచీ సూస్తన్నాను."

"నువ్వు చూసింది నేను చేసింది."

"అయితే ఇదీ నువ్వే సేసినావు."

ఫ్రేముల మీది అంకెలు చూపించాను. అంకెలు కూడా నువ్వే వేయగలవంది. సాగదీసినదాన్నీ అసలునూ పక్కపక్కన పెట్టి, ఏది కల్పితమో చెప్పమన్నాను. అసలునే చూపించింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"దీన్లో సెయ్యి సరిగ్గా కనబళ్ళేదు, అలుక్కుపోనాది. అందులో అయిదేళ్ళూ కనబడతన్నాయి. నిజం సుబ్బరంగా ఉంటాది గదా."

అలుక్కుపోయినది చేతి వేగం. సుబ్బరంగా కనిపించే ఐదు వేళ్ళనూ నేను ఒక పూటంతా కూర్చుని గీశాను. అది చెప్పినా నమ్మలేదు. పేటలో అందరినీ తిట్టుకునే మనిషినని నాకున్న పేరు కూడా ఇందుకు సాయపడింది. "మా మావంటే నీకు పడదు, ఆడి బడి సెడగొడదావని సూస్తన్నావు," అని వెళ్ళిపోయింది.

నమోదు 312

నూకరత్నం తనంతట తానే వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి అడిగింది.

"ఆ బొమ్మల్లో నోళ్ళు కదుల్తన్నాయి. ఆళ్ళేటో మాటాడతన్నారు. ఆ మాటలేవి?"

మాటలను నేను చెత్త అనే ఫోల్డరులో వేస్తాను. పేరు పెట్టింది నేనే. చాలాకాలంగా తెరవనేలేదు. వంట దృశ్యం మాటలు వెతికి, అసలు వేగపు బొమ్మకు జతచేశాను. ఒక ముసలామె పొయ్యి దగ్గర కూర్చుని ఎవరినో కేకేస్తోంది: "ఒలె, ఆ గిన్నె సూడు, జారిపోతంది." జారి అనేసరికే గిన్నె నేల మీద ఉంది. పోతంది అనే మాట చప్పుడులో కలిసిపోయింది.

భూమితో మాకు ఫోనుంది. దానిలో బొమ్మ రాదు, మాట వస్తుంది. భూమి మనుషులు ఎంత వేగంగా మాట్లాడతారో ఇక్కడ అందరికీ తెలుసు. మన వేగంతోనే మాట్లాడతారు. నూకరత్నం ఆ ముక్కను మళ్ళీ మళ్ళీ వేయించుకుంది. తరువాత సాగదీసిన బొమ్మకు మాటను సాగదీసి జతచేయమంది. ఎద్దు మూలిగింది.

"అసలుదాన్లో మాట సాగనేదు," అంది. "గిన్నె మాత్రం పడిపోనాది."

"అవును."

"అయితే నాను సచ్చిపోతాను బాబాయ్."

ఏడవలేదు. లెక్క తేలినట్టు చెప్పింది. మాటలతో కలిపి చూపాలన్న ఆలోచన నాకు రాలేదన్నది ఇక్కడ రాసి ఉంచుతున్నాను. నేను అంకెలు చూపించాను. సంఘాన్ని వెక్కిరించడంలో ఉన్న శ్రద్ధ చెత్త ఫోల్డరు మీద పెట్టలేదు.

నమోదు 315

గనిలో రాళ్ళు మోసే కన్వేయరు బెల్టు రబ్బరు ముక్కలు నాలుగు నా గదికి తెచ్చాం. ఒక కొస ఆమె నడుముకూ భుజాలకూ, రెండో కొస నేల కొక్కేలకూ. కదలకుండా నిలబడగలదు. కాలు తప్పితే రబ్బరు ఆమెను భూమి లాగినట్టు లాగుతుంది. ఎంత బిగించాలో ఆ ముసలామె గిన్నె పడిన వేగంతో సరిచూశాను. కింద మూడు పరుపులు పరిచాం.

మొదటిసారి గడ్డం మీద పడింది. చేతులు రెండూ పక్కనే ఉన్నాయి, మర్యాదగా సమయం కోసం చూస్తూ. రెండోసారీ అంతే. ఆ తరువాత ఎన్నిసార్లో రాయలేదు.

"పడతన్నానని తెలిసేతలికి పడిపోయుంటన్నాను," అంది.

"తెలియడానికి ఆగకు. కాలు తప్పగానే చేతులు విసిరెయ్యి."

"ఇసరబోతే సిగ్గేస్తంది."

నేను నవ్వబోయి ఆగాను. ఆమె వేళాకోళానికి అనలేదు. చెవులదాకా ఎర్రబడి ఉంది. గాలిలోకి చేతులు విసరడమంటే నలుగురిలో బట్ట జారినంత పని ఆమెకు. గోడ వైపు తిరిగి నిలబడతానంది. నేను తెర వైపు తిరిగి కూర్చున్నాను. వెనక పరుపు చప్పుడు వినబడుతూనే ఉంది. సాయంత్రానికి ఆ చప్పుడు మారింది. ముందు రెండు అరచేతుల చప్పుడు, వెంటనే తక్కిన మనిషి.

నమోదు 318

గడ్డం మీది కమిలిన మచ్చ సంఘం దాకా వెళ్ళింది. విచారణ. పద్మలోచన గారు, మరి నలుగురు సభ్యులు, సాక్షిగా తవిటినాయుడు. ఆరోపణ: నేను అసలు వేగం చూపి ప్రయాణికురాలి నరాలు చెడగొట్టాను. నరాలు చెడ్డాయని తేలితే ఓడలో ఆమె చోటు రద్దవుతుంది. ఆసుపత్రి ఆ చోటును మళ్ళీ ఇవ్వదు.

"ఏదీ, ఒకసారి పడి చూపించమ్మా," అన్నారు పద్మలోచన గారు.

మూడు రోజులుగా ఆమె నేర్చుకున్నదంతా చేతులు విసరడం. ఇక్కడ విసిరిందంటే చోటు పోతుంది. నూకరత్నం సీసపు కోటు సర్దుకుని, తెర మీది మనిషితో కలిసి ముందుకు ఒరిగింది. సగం దూరం దాకా చేతులు కదపలేదు. తరువాత పువ్వులు చల్లుతున్నట్టు చాచింది. సభ్యుల్లో ఒకరు ఆహా అన్నారు.

"ఈ పిల్ల నరాలకేటయ్యిందమ్మా," అన్నాడు తవిటినాయుడు. "నా సేత్తో నేర్పినాను."

"గడ్డం మీద దెబ్బేమిటి మరి?"

"అంబలి గిన్నె తగిలినాదండి," అంది నూకరత్నం, కళ్ళు దించుకుని. అంత చక్కగా అబద్ధమాడగలదని నాకు తెలియదు.

చోటు నిలిచింది. నాకు శిక్షగా, సాగదీయడం పూర్తయిన వెంటనే అసలు దృశ్యాలను చెరిపివేయాలన్నారు. మంచిదండీ అన్నాను. బయటికి వచ్చాక ఆమె నన్ను దాటి వెళుతూ, రబ్బరు ఇంకొంచెం బిగించమంది.

నమోదు 322

ఓడ వెళ్ళింది. తవిటినాయుడు మేనకోడలికి చెప్పిన చివరి మాట: "కంగారు పడకమ్మా, అక్కడందరూ మెల్లగా ఉంటారు." అలగే మావా అంది. ఆ మనిషి కళ్ళు తుడుచుకుంటూ ఇల్లు చేరాడు. నేనూ వచ్చేశాను.

నమోదు 337

సరుకు అందింది. అందులో నూకరత్నం భూమికి చేరిన దృశ్యం ఉంది. పెద్ద ప్రదర్శన చేయాలని సంఘం ఆదేశం. సౌమ్యవేగం, వీణ, చివర పూలు.

చూశాను. ఆసుపత్రి వాకిట వాన వెలిసి నేల తడిగా ఉంది. చేతికర్రతో, ఇద్దరు నర్సుల మధ్య ఆమె నడిచి వస్తోంది. ముఖం బరువుకు కిందికి లాగినట్టు ఉంది. మెట్టు దగ్గర కర్ర జారింది. నర్సులు తిరిగి చూసేలోపే అయిపోయింది. నా కంటికి కూడా అందలేదు. ఫ్రేము ఫ్రేముగా నడిపి చూస్తే, కాలు తప్పిన తరువాతి ఫ్రేములోనే చేతులు అలుక్కుపోయి ఉన్నాయి.

నియమం ప్రకారం సాగదీశాను. ఇన్నేళ్ళుగా నా దిద్దుబాట్లు చూసి చూసి సాఫ్ట్‌వేర్‌కు మా పేట పద్ధతి పట్టుబడింది. అలుక్కుపోయిన చేతులను పొరపాటుగా లెక్కించి తీసివేసింది. వాటి స్థానంలో నిదానంగా, సగం దూరం ఆగి, మర్యాదగా లేచే రెండు చేతులను గీసింది. వేళ్ళన్నీ సరిగ్గా వచ్చాయి. గాజులు కూడా కరగలేదు. దిద్దవలసిన అవసరమే లేనంత చక్కటి పని. దాని ప్రకారమైతే ఆ పిల్ల చచ్చిపోయి ఉండాలి.

సాగదీసినదాన్ని చెరిపివేశాను.

నమోదు 338

హాలు నిండింది. ముందు వరుసలో సంఘం, వారి వెనక భూమి మీద పుట్టిన నలభై మంది పెద్దలు, ఆ వెనక తక్కిన పేట. దృశ్యాన్ని ఉన్నది ఉన్నట్టు, మాటలతో సహా వేశాను.

వీణ రాకపోయేసరికి తలలు నా వైపు తిరిగాయి. పద్మలోచన గారు లేవబోయారు. ఈలోగా తెర మీద కర్ర జారింది.

హాలులో ఒక చప్పుడైంది. ఎనభై చేతులు ఒక్కసారి ముందుకు వెళ్ళిన చప్పుడు. ఆ నలభై మంది పెద్దల చేతులూ ఎదుటి కుర్చీల వీపులకు తగిలాయి. తవిటినాయుడి చేతులు ఎదుటి మనిషి భుజాలను పట్టుకున్నాయి. ఎవరూ అనుకుని చేసిన పని కాదు. వెనక వరుసల్లో ఇక్కడ పుట్టినవారు ఒక్కరూ కదలలేదు. ఏం జరిగిందో చూసినవారు కూడా లేరు.

తెర మీద నూకరత్నం మోకాళ్ళ మీద ఉంది. రెండు అరచేతులూ చీరుకుపోయి రక్తం కారుతోంది. నర్సుల వైపు చూసి అంటోంది: "ఏటలగ సూస్తారు. లెగదీయండి."

తవిటినాయుడు తన చేతులను తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. "ఇవెందుకెల్లినాయి గవరయ్యా?" అని అడిగాడు.

పద్మలోచన గారు లేచే నిలబడి ఉన్నారు. ఆవిడ చేతులు ఇంకా ముందుకే చాచి ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంతసేపు చూసి, కూర్చున్నారు.

"మళ్ళీ వేయండి గవరయ్య గారూ."

"సాగదీయమంటారా?"

"వద్దండీ."

వేశాను. ఈసారి నేను తెరను చూడలేదు. తరువాతి ఓడకు పేర్లిచ్చి, దిగుడు బడిలో చేరిన ముగ్గురు చివరి వరుసలో ఉన్నారు. వారినే చూశాను. నూకరత్నం పడింది, లేవదీయమంది. అప్పటికి వారి చేతులు ఒడిలో నుంచి కొంచెం లేచాయి. సిగ్గుతో మళ్ళీ దిగిపోయాయి.

మూడోసారి వేశాను.